వాడి కాళ్ళు, వీడి మొహం

మరీ అంత దగ్గరికెళ్ళకు కెజయా, ఆ కాపలావాడు కసురుకుంటాడు. ఇక్కణ్ణుంచే చూడు. ఏమిటీ తోపులాట! లండన్లో ఉన్న దొరసానులంతా ఇవాళే రావాలా? ఆ టోపీ ఆవిడ జరిగితే గానీ గోడ మీది బొమ్మ కనబడదు.

ఆఁ, ఇప్పుడు చూడు. కూర్చున్నది నేనే. గుర్తుపట్టలేదూ? నిజమేలే, నాకంత మంచి పట్టు గౌను ఎప్పుడేడిసింది? ఈ బొమ్మ వేసిన పెంబ్లీ దొర ఇచ్చాడు, బొమ్మ వెయ్యడం అయిపోగానే తీసేసుకున్నాడు.

పేరు 'తల్లి ఒడి' అట. వెనకాల ముక్కు చీదుతున్నారు, విన్నావా? ఆ కళ్ళల్లో ప్రేమ చూడవే అంటోంది ఒకావిడ కూతురితో. ప్రేమా! నాకప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కాయి, అంతే.

మొదట ఒళ్ళో ఉన్నది నా కొడుకు ఎనోకే కదా. ఆ బొద్దు కాళ్ళు వాడివే. మొహం చివర్లో వేస్తానన్నాడు దొర. ఈలోగా వాడికి దగ్గొచ్చింది. మూడే మూడు రోజులు. నీకు తెలియందేముంది, వేణ్ణీళ్ళు కాచింది నువ్వేగా.

పాతిపెట్టిన నాలుగో రోజు దొర కబురు పెట్టాడు. వెళ్ళాను. ఇంట్లో కూర్చుని ఏం చూడను, ఖాళీ ఊయలనా? "అయ్యో" అన్నాడు. పాపం, చెడ్డవాడు కాదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత, "అదే ఈడు పిల్లాడు మీ ఇరుగుపొరుగున ఎవడైనా ఉన్నాడా?" అన్నాడు.

అందుకే కింది వాటాలో ఉన్న నిన్నడిగాను. మారుమాట లేకుండా నీ జెమ్‌ని దుప్పట్లో చుట్టి ఇచ్చావు. నన్ను చూసి ఏడ్చావు కూడా. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయే, లోపల అలా ఉంది.

"తల ఇంకాస్త వంచు. అదీ! తల్లంటే అదీ!" అనేవాడు దొర. వంచేదాన్ని.

అదిగో, ఆ మొహం నీ జెమ్‌దే. గడ్డం మీద సొట్టతో సహా. నువ్వెందుకే ఏడుస్తావు? నీ బిడ్డ క్షేమంగా ఉన్నాడుగా.

నీకో మాట చెప్పాలి. మీ ఆయన ముందు నోరు పెగల్లేదు, అందుకే ఇక్కడికి తీసుకొచ్చాను.

బొమ్మ వేసిన ఆఖరి రోజు నేను ఆలస్యంగా వస్తే నువ్వు వీధిలో నిలబడి ఉన్నావు చూడు. దొర వదల్లేదన్నాను. అబద్ధం. మధ్యాహ్నమే పొమ్మన్నాడు. నేను నీ జెమ్‌ని శాలువాలో చుట్టుకుని రైలు స్టేషన్‌కి నడిచాను. కెంట్‌లో మా పిన్ని ఉంది. ఎనోక్ పోయిన సంగతి ఆవిడకి తెలీదు. వీడే నా కొడుకంటే నమ్మేది.

అలా చూడకు. విను.

బల్ల మీద కూర్చున్నాను. వీడు ఆకలికి గుక్కపట్టాడు. నాకింకా పాలు ఎండలేదు కెజయా. గౌను ముందంతా తడిసిపోయింది. శాలువా చాటున ఇచ్చాను. మా ఎనోక్ కళ్ళు మూసుకుని తాగేవాడు. వీడు రెప్పవాల్చకుండా నన్నే చూస్తూ తాగాడు. వీడు వాడు కాడని అప్పుడు తెలిసింది. లేచి వచ్చేశాను.

తెచ్చి నీ చేతికందిస్తే, "ఇవాళ వీడికి ఆకలెందుకు లేదే?" అన్నావు. ఏమో అన్నాను.

కొట్టాలనుంటే కొట్టు. జనం ఉన్నారని చూడకు. కొట్టినా నాకు తెలిసేలా లేదు.