బరువుగా ఉన్నదే మనది

ఈ రోజు ఉదయం బాగలూరు రోడ్డులో నేనెక్కిన షేర్ ఆటో ఆగిపోయింది. డ్రైవర్ దిగి, సీటు కింది నుంచి స్పానర్ తీసి, బ్యాటరీ దగ్గర వదులైన నట్టును బిగించబోయాడు. స్పానర్ జారింది. వేళ్ళ కణుపులు ఇనుప పట్టీకి కొట్టుకుని చర్మం లేచిపోయింది. అతను ఆ చేతిని నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో స్పానర్‌ను వెలుతురుకు తిప్పి చూశాడు. దాని మీద మన కంపెనీ పేరు ఉంది.

క్షమించాలి. నమస్కారాలతో మొదలుపెట్టాలని తెలుసు. కాన్వెంటులో ఉపన్యాస పోటీలకు మొదటి మార్కులు వాటికే వేసేవారు. సభకు అధ్యక్షత వహిస్తున్న మన డైరెక్టర్ పురుషోత్తం గారికి, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న వర్క్స్ మేనేజర్ రఘునాథ్ సార్‌కు, వారి కుటుంబానికి, నాకంటే ఎంతో ముందు నుంచి ఇక్కడ పని చేస్తున్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక గోడ దగ్గర నిలబడి ఉన్న ప్యాకింగ్ సెక్షన్ వారికి నా నమస్కారాలు. నా పేరు భువన. ఇన్‌స్పెక్షన్‌లో పని చేస్తాను. మీలో చాలామంది నా గొంతు వినడం ఇదే మొదటిసారి కావచ్చు. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్నది సారే. "ఆ పుస్తకాల పాపను పిలవండప్పా, తెలుగులో బాగా చెప్తాది" అన్నారట. వద్దని చెప్పడానికి ఆయన గదిదాకా వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి, ఆ మాట నోటికి రాక, సరేనని తిరిగి వచ్చాను. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది ఎవరికైనా ఇబ్బంది కలిగిస్తే, నన్ను ఎంపిక చేసింది ఎవరో గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను. (నవ్వులు)

సార్ గురించి మంచి మాటలు ముందు మాట్లాడినవారు చాలా చెప్పారు. నాకు తెలిసినది ఒక్కటే, అది కూడా స్పానర్ గురించి. నేను చేరిన వారంలోనే సార్ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచి, రెండు స్పానర్లు నా ముందు పెట్టారు. ఒకటి మన ఫోర్జింగ్ షాపులో, మన కొలిమిలో కాల్చి, మన హ్యామర్ కింద సాగదీసి చేసినది. ఇంకొకటి బజారులో కొన్నది. ఏది మంచిదో చెప్పమన్నారు. నేను రెండింటినీ ఎత్తి చూసి, బరువైనదాన్ని చూపించాను.

"అది ఎవరైనా చెప్తారమ్మా. బరువును పక్కన పెట్టు. కండ్లు మూసుకో" అన్నారు.

మూసుకున్నాను. ముందు బజారుదాన్ని నా చేతికిచ్చి, ఒక నట్టుకు తగిలించి, రవ్వంత తిప్పమన్నారు. పట్టు దొరికే ముందు అది అటూ ఇటూ ఊగింది. మనది ఊగలేదు, తగిలించగానే నట్టుతో ఒకటైపోయింది. "ఇప్పుడు గట్టిగా నొక్కు. అరచేతిలో యాడ తెలస్తా ఉండాది?" అని అడిగారు. బజారుది నొక్కినప్పుడు అరచేతి మధ్యలో సన్నటి గీత గుచ్చుకుంది. అచ్చు రెండు సగాలూ కలిసే చోట ఇనుము కాస్త బయటికి వస్తుందని, దాన్ని అరగదీయకుండా పైన మెరుగు వేసేస్తే కంటికి కనబడదు కానీ చేతికి దొరికిపోతుందని సార్ చెప్పారు. మనదాన్ని పాలిషింగ్‌లో మంజులమ్మగారు, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు అరగదీసేవారు. మంజులమ్మగారూ, మీరు మధ్యలో చెయ్యి పైకెత్తకండి, చెబుతున్నాను కదా. (నవ్వులు) చివరికి రెండింటినీ సిమెంటు నేల మీద వేయించారు. మనది మోగింది. రెండోది పడింది, అంతే.

ఆ తరువాత ఆ పని ఎన్ని రకాల స్పానర్లతో చేశానో. ఏదైనా పుస్తకం చేతిలోకి తీసుకోగానే కాగితం మంచిదో కాదో నాకు తెలుస్తుంది. ఇనుముకు కూడా అలాంటిదొకటి ఉందని నేర్పినది రఘునాథ్ సార్. యవ్వనంలో ఆయన మన హ్యామర్ దగ్గరే పని చేశారు. చొక్కా చేతులు మడిచినప్పుడు ఎడమ మణికట్టు మీద కనిపించే మచ్చ అక్కడిదే. ఈ మాట నేను మర్యాద కోసం చెప్పడం లేదు. ఆయన చేతికి తెలిసినంత నా చేతికి ఈ రోజుకూ తెలియదు.

ఇప్పుడు, కొత్తగా చేరినవారి కోసం, మన ఆట గురించి చెప్పాలి. ఫోర్జింగ్ షాపు ఉన్న రోజుల్లో, ఆయుధపూజ నాడు యంత్రాలకు పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టిన తరువాత, ఆ షాపువాళ్ళు కళ్ళకు తువ్వాలు కట్టుకుని, ఒక తట్టలో కలిపి పెట్టిన మన స్పానర్లనూ బజారు స్పానర్లనూ ఒక్కొక్కటే పట్టుకుని, మనవి ఏవో చెప్పేవారు. గెలిచినవారికి అరటి గెల. ముందు చెయ్యి పెట్టేది ఎప్పుడూ ముత్తప్పగారే. హ్యామర్ దగ్గర అందరికంటే పెద్దాయన. ఆయన ఒకదాన్ని పైకెత్తి "బరువుగా ఉండేదే మనదప్పా!" అని కేక వేస్తే, తరువాతివాళ్ళు అదే పట్టుకుని అదే కేక వేసేవారు. పెద్దవాడి చెయ్యి చెప్పినదాన్ని కాదనడం ఆ షాపులో లేదు. కాదనవలసిన అవసరం కూడా రాలేదు. బయటివాళ్ళు ఇనుము తక్కువ పెట్టేవారు, అందుకని బజారుది ఎప్పుడూ తేలికగానే ఉండేది.

కొలిమికి ఖర్చు ఎక్కువ అవుతోందని, స్పానర్లు బయట చేయించి మన పేరు ముద్రించుకుంటే చాలని పైన మాటలు నడిచిన సంవత్సరం మీకు గుర్తుండే ఉంటుంది. బయటి సరుకు మనదానితో సాటి రాదని షాపువాళ్ళు పట్టుబట్టారు. అప్పుడు సార్ అన్న మాట కూడా గుర్తుండే ఉంటుంది. "కొట్లాట ఎందుకప్పా? మీ ఆటలోనే తేల్చుకుందాము. వాళ్ళది ఒకటి, మనది ఒకటి పెడతాము. మనదాన్ని మీరు గుర్తుపడితే షాపు ఉంటాది. పట్టలేకపోతే, మీకే తేడా తెలీనప్పుడు కొనేవానికి ఏం తెలస్తాది?"

అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఎప్పుడూ ఓడని ఆట కదా. అరటి గెల ముందుగానే తెచ్చి పెట్టుకున్నారు.

ఆ రోజు ముత్తప్పగారు చేతులు సబ్బుతో కడుక్కుని, పంచెకు తుడుచుకుని వచ్చారు. తువ్వాలు కట్టారు. మొదటి స్పానర్‌ను ఎత్తి, తేలికగా ఉందని పక్కన పెట్టారు. రెండోదాన్ని పట్టుకుని ఆగిపోయారు. బొటనవేలు కాడ మీద ముందుకూ వెనక్కూ పోయింది. "రవ్వంత గీసకపోతా ఉండాదే" అన్నారు, తనలో తాను. వెనక నుంచి ఎవరో అరిచారు: "ఏమన్నా, పెండ్లికూతురు చెయ్యా పట్టుకున్నావు, అంతసేపు?" (నవ్వులు) అవును, ఆ రోజు కూడా ఇలాగే నవ్వారు. ఆయనా నవ్వారు. స్పానర్‌ను చేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, "మనదే. ఇంత బరువు బయట ఎవురు పెడతారప్పా?" అన్నారు. తరువాత వచ్చిన ప్రతి ఒక్కరూ అదే ఎత్తారు.

తువ్వాళ్ళు విప్పి చూస్తే, అది బయట చేయించిన నమూనా.

పురుషోత్తం గారూ, మీరు ఆ రోజు కూడా ఇలాగే అందరికంటే ముందు కూర్చున్నారు. సార్ మీ వైపు తిరిగి, "వాళ్ళ చేతులే చెప్పినాయి సార్" అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ అరటి గెలను ఎవరూ తీసుకెళ్ళలేదు.



ఆ తరువాతి సంగతి మీ అందరికీ తెలుసు. కొలిమి ఆర్పారు. ఫోర్జింగ్‌వాళ్ళను ప్యాకింగ్‌కు పంపారు. బయట చేసి తెచ్చిన స్పానర్లను పెట్టెల్లోంచి తీసి, నూనె గుడ్డతో తుడిచి, మన పేరున్న కాగితంలో చుట్టడం ఇప్పుడు ముత్తప్పగారి పని. ఆ సరుకును తనిఖీ చేయడం నా పని. మొదటి పెట్టె తెరిచినప్పుడే, ఆయుధపూజ నాటి నమూనాను పక్కన పెట్టుకుని చూశాను. వచ్చినవి నమూనా అంత బరువు లేవు. దరిదాపుల్లో కూడా లేవు. ఆ తరువాత ఏ పెట్టెలోనూ అంత బరువైనది రాలేదు. అంత ఇనుము పోసి చేసినది ఆ ఒక్క రోజు కోసమే. సార్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "తేలికయితే ఆడోళ్ళకు కూడా సులువు కదమ్మా" అన్నారు. (నవ్వులు)

మీరు నవ్వారు. నేను కూడా ఆ రోజు మర్యాదకు నవ్వాను.

క్యాంటీనులో ముత్తప్పగారితో ఆడే పరిహాసం కూడా మీకు తెలుసు. "ముత్తప్పన్నా, ఉప్పు ఇట్లియ్యి. కండ్లు తెరిచి తీయి, చక్కెర ఇచ్చేవు." మొదట్లో ఆయన తిరిగి ఏదో ఒకటి అనేవారు. ఇప్పుడు క్యారియర్ తీసుకుని కొళాయి పక్కన మెట్టు మీద కూర్చుని తింటున్నారు. షాపు మూయించింది కొలిమి ఖర్చు అని ఎవరూ అనరు, ముత్తప్ప చెయ్యి అంటారు. అనేవాళ్ళు వేళాకోళానికి అంటారు. ఆయన నిజంగానే అనుకుంటున్నారు. తన వెనక నిలబడినవాళ్ళందరి పనినీ తానొక్కడే పోగొట్టానని అనుకుంటున్నారు.

ఒక రోజు సరుకు మీద ముద్ర వేయించుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చి, చాలాసేపు నిలబడి, అడిగారు. "ఏమ్మా, నువ్వు సదువుకున్నదానివి. మనిషి ముసిలోడయితే చెయ్యి కూడా అబద్ధం చెప్తాదా?"

లేదన్నాను. బొటనవేలు సరిగ్గానే చెప్పిందని, గీసుకుపోతోందని ఆయనే పైకి అన్నారని గుర్తుచేశాను. నమూనాను కావాలనే బరువుగా చేయించారని కూడా చెప్పాను. "నువ్వు మంచిదానివి గాబట్టి అట్లంటావు" అని వెళ్ళిపోయారు. నేను చెబితే ఆయన నమ్మరు. ఆయనతో పాటు ఆ హ్యామర్ దగ్గర నిలబడినవారు చెప్పాలి. అలాంటివారు ఈ వేదిక మీద ఒకరున్నారు. ఆయన ఈ సాయంత్రం వెళ్ళిపోతున్నారు.

ఉదయం ఆటో డ్రైవర్ గురించి మిగిలినది చెబుతాను. అతని పేరు యతీశ్. చేతికి కట్టుకోవడానికి నా చేతిరుమాలు ఇచ్చాను. నా మెడలోని కార్డు చూసి, "మీ కంపెనీదేనామ్మా ఇది?" అన్నాడు. అవునన్నాను. "మా నాయనది ఒకటుండాది ఇంట్లో, ఇదే పేరు. నేను పుట్టకముందుది. అది ఎప్పుడూ ఇట్ల చేయలేదే" అన్నాడు. కోపంగా అనలేదు. తెలిసినవాళ్ళ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టు అన్నాడు. అదే స్పానర్‌ను మళ్ళీ నట్టుకు తగిలించి, రెండు చేతులతో నొక్కిపట్టి బిగించి, నన్ను గేటు దగ్గర దింపి వెళ్ళాడు.

ఇంకొద్ది సేపట్లో సార్‌కు జ్ఞాపిక ఇస్తారు. మన దగ్గర రిటైరైనవారికి స్పానర్‌కు వెండిరంగు పూత వేయించి, గాజుపెట్టెలో పెట్టి ఇవ్వడం ఆనవాయితీ. సారే కబురు పంపించి, ఇప్పటిది వద్దు, స్టోర్‌లో వెతికి పాతది ఒకటి పెట్టమన్నారు. వెతికి పెట్టాము. పూతకు పంపే ముందు దాన్ని ముత్తప్పగారి చేతికి ఇచ్చి చూపించాను. ఆయన కాసేపు పట్టుకుని, నూనె గుడ్డతో తుడిచి తిరిగి ఇచ్చేశారు. సార్, అది మీరు మీ ఇంట్లో అందరికీ కనిపించేచోట పెట్టుకుంటారని అనుకుంటున్నాను. గాజులో ఉంది కాబట్టి దాని బరువు ఎవరికీ తెలియదు.

నాకు పని నేర్పినందుకు సార్‌కు కృతజ్ఞతలు. ఇంతసేపు ఓపికగా విన్నందుకు పురుషోత్తం గారికి, పెద్దలకు, నవ్వినవారికి, నవ్వనివారికి కూడా కృతజ్ఞతలు. నా తరువాత సార్ మాట్లాడతారు. మైకు ఆయనకు ఇచ్చే ముందు ఒక్క విషయం.

ఆ ఆయుధపూజ ఉదయం, ఇంకా ఎవరూ రాకముందు, రెండు స్పానర్లూ ఉన్న తట్ట పట్టుకుని నేను షాపులో నిలబడి ఉంటే, సార్ వచ్చి, కళ్ళు మూసుకుని, రెండింటినీ చేతిలోకి తీసుకున్నారు. బరువైనదాన్ని వెంటనే కింద పెట్టేశారు. తేలికదాని కాడ మీద బొటనవేలు ఒక్కసారి నడిపి, "ఇదమ్మా మనది" అన్నారు. సాయంత్రం ఫలితం చదివేటప్పుడు ఆ మాట కూడా చెబుతారని చూశాను. చెప్పలేదు.

సెలవు.