మా ఇంటి తరఫున

(జూబ్లీహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు వంటగది. 2006 ఏప్రిల్ ముప్పై, ఆదివారం మధ్యాహ్నం. ఇంటావిడ మంజులత, ఆ ఇంట్లో పనిచేసే నీలమ్మ.)

“అందుకని రేపు నువ్వు చీపురు పట్టుకుని రావాలి.”

“గుడికా అమ్మా?”

“గుడికే. మేడే కదా, మాకు ఏసుని పెంచిన వడ్రంగి జోజప్పగారి పండగ. పనివాళ్ళ కోసం ప్రత్యేకంగా పూజ పెడుతున్నారు. మేస్త్రీ తాపీ తెస్తాడు, తోటమాలి కత్తెర తెస్తాడు, డ్రైవరు కారు తాళాలు తెస్తాడు. వరసగా నడిచి వెళ్ళి బలిపీఠం దగ్గర ఫాదర్ చేతికి ఇస్తారు. ఇంటికి ఒకరు. ఇచ్చేటప్పుడు ఎవరి ఇంటి మనిషో మైకులో చదువుతారు.”

“మనింట్ల చీపురేనా?”

“కొత్తది కొన్నానే. రిబ్బను కూడా కట్టాను, చూడు.”

“మంచిగుంది. గని నేను చీపురు వట్టుకొని రానమ్మా.”

“ఎందుకు రావు?”

“రోజు పట్టేదే గద. దేవుని ముంగట గూడ గదేనా? మరి పై ఫ్లోర్ల సారు కంప్యూటర్ వట్టుకొని వస్తడా?”

“అదిగో, పై ఫ్లోరు. నువ్వు కూడా ఆ నిహారిక పాటే పాడుతున్నావా?”

“నేనేమన్న అమ్మా?”

“ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నీ దగ్గర దాపరికమేముంది, కుళ్ళే అనుకో. వచ్చి రెండేళ్ళు కాలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు, పైన అంత పెద్ద ఫ్లాటు. ఉండనీ. గుడి కూడా ఆవిడకే కావాలా? ఈ విచారణలో, అంటే ఈ గుడి పరిధిలో, మేం పదహారేళ్ళ నుంచి ఉన్నాం. క్రిస్మస్‌కి గుడి మొత్తానికి లైట్లు ఎవరివి? మా ఆయనవి. ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకి ఇవ్వాల్సినవి ఆపి మరీ పంపేవారు. ఒక్కసారైనా మైకులో మా పేరు చెప్పారా? ఈవిడ వచ్చి తెర కట్టి, పోపుగార్ల లేఖల్లో ఇలా ఉంది, అలా ఉంది అని నాలుగు బొమ్మలు వేసి చూపించింది. అంతే. ఫాదర్ నోటెంట నిహారికగారు తప్ప ఇంకో మాట లేదు.”

“ఏమున్నదట లేఖలల్ల?”

“ఏముంటుంది. పనిచేసేవాళ్ళని మనుషుల్లా చూడాలి. జీతం ఎంత ముఖ్యమో విశ్రాంతి కూడా అంతే ముఖ్యం. ఏ పని తలపెట్టినా ముందు బీదవాళ్ళకి ఏమవుతుందో చూడాలి. నాకు తెలీవా ఇవన్నీ? నేనెప్పుడైనా నిన్ను ఒక్క మాట అన్నానా?”

“పాలు పొంగుతున్నయి, జర జరుగున్రి.”

“అన్నానా అని అడుగుతున్నాను.”

“పొంగినయి సూడున్రి. తుడుస్త ఆగున్రి.”

“పనివాళ్ళకి ఆదివారం సెలవు ఇచ్చే ఇళ్ళు అని గుడి గుమ్మం దగ్గర ఒక కాగితం అంటించింది. అందులో నేనూ సంతకం పెట్టాను. ఆవిడ కంటే ముందు పెట్టాను.”

“ఇయ్యాల ఆదివారమే గదమ్మా.”

“రేపు ఫాదర్లు మనింటికి భోజనానికి వస్తున్నారని ఇవాళ రమ్మన్నాను. అదీ ఒక తప్పేనా?”

“నేను తప్పన్లే. పోయిన ఆదివారం గూడ వచ్చిన, గందుకే అన్న.”

“సరే, అది వదిలెయ్. అసలు సంగతి విను. మేడే పూజలో బైబిల్లోంచి మొదటి పఠనం ఏటా నేనే చదువుతాను. ఈసారి ఎవరికిచ్చారో తెలుసా? ఎవరో లూర్దమ్మట. షేక్‌పేట బస్తీలో ఉంటుందట, ఇళ్ళల్లో పాచిపని చేస్తుందట. నిహారికే తీసుకెళ్ళి ఫాదర్‌కి చూపించిందట.”

“ఆమెకు సదువొచ్చేమో.”

“ఏం చదువు? నేను గుంటూరులో సిస్టర్ల బళ్ళో చదివాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో దగ్గర కూర్చోబెట్టి నేర్పారు నాకు. నిహారిక పనిమనిషి మైకు ముందు నిలబడి చదువుతుంటే నేను ముందు బెంచీలో కూర్చుని వినాలా? వారం నుంచి నాకు అన్నం సయించడం లేదు.”

“నిహారికమ్మ ఇంట్ల పనిమనిషే లేదు.”

“నీకెలా తెలుసు?”

“ఆళ్ళ గిన్నెలు ఆళ్ళే తోముకుంటరు. ఎక్కువ ఆ సారే తోముతడు.”

“ఆయన తోముతాడా? అదృష్టవంతురాలు. మనిషిని పెట్టుకోదు, పెట్టుకున్నవాళ్ళకి పాఠాలు చెబుతుంది. సరే, నువ్విటు చూడు. నీది మా మతం కాదు కాబట్టి సిలువ గుర్తు ఒకసారి నేర్పుతాను. పీఠం ముందు నిలబడగానే కుడిచేత్తో ఇలా నుదురు, తర్వాత గుండె, తర్వాత...”

“ఎడమ భుజం, కుడి భుజం. తెలుసమ్మా.”

“ఎవరు నేర్పారు?”

“మా అవ్వ. మాది మెదక్ దిక్కు. మా తాత కాలం నుంచి గీ మతమే. నాకు జ్ఞానస్నానం, సత్ప్రసాదం అన్ని మా ఊరి గుళ్ళెనే అయినయి.”

“మరి బొట్టు పెట్టుకుంటావుగా?”

“మీరు గూడ పెట్టుకున్నరు గదమ్మా.”

“ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదేం?”

“మీరు అడగలే.”

“గుడిలో ఎప్పుడూ కనపడలేదు.”

“నేను ఆరు గంటల పూజకు పోత. మీరు తొమ్మిదిన్నరకు పోతరు. గప్పుడు నేను గీడనే ఉంట గద, వంటకాడ.”

“పోనీలే, మన మతమైతే ఇంకా మంచిదే. మైకులో చదవడానికి రాసి ఇచ్చేశాను. మంజులతగారి ఇంటి తరఫున నీలమ్మ, అని.”

“నా పేరు నీలమ్మ గాదు.”

“మరి?”

“నీలమ్మ అంటే నాకంటె ముందుగాల చేసినామె. నేను వచ్చిన దినమే మీరన్నరు, నోటికి అలవాటైంది, నిన్ను గూడ గట్లనే పిలుస్తనని. నేను సరే అన్న. వారమో రెండు వారాలో అనుకున్న.”

“అలా అన్నానా?”

“అన్నరు. అయ్యగారు గాడ కూసోని నవ్విండు గూడ.”

“అయితే నీ అసలు పేరేంటి?”

“లూర్దమ్మ.”

“ఏ లూర్దమ్మ?”

“షేక్‌పేట బస్తీ లూర్దమ్మ.”

“నువ్వా? నువ్వా చదివేది?”

“ఏడు దాక సదివిన. మా బస్తీల శనివారం శనివారం సంఘం కూడుతది. గాడ వాక్యం నేనే సదువుత. నిహారికమ్మ వచ్చి ఇన్నది, పోయి ఫాదర్‌కు చెప్పింది.”

“నా పఠనం నువ్వు లాక్కున్నావా? నా ఇంట్లో తింటూ?”

“నేను అడగలేదమ్మా. ఫాదర్ అడిగితె ఒప్పుకున్న.”

“నాకొక మాట చెప్పొద్దూ?”

“చెప్తె మీరు వొద్దంటరు.”

“అంటాను. ఎందుకనను? ఆవిడంటే సరే, ఉద్యోగం, ఇంగ్లీషు, ఏదో ఉంది. నీ మీద కూడా నేను కుళ్ళుకోవాలా? రేపు పొద్దున ఐదింటికి వచ్చి వంట మొదలుపెట్టు. జ్వరం వచ్చిందని ఫాదర్‌కి నేను ఫోన్ చేసి చెబుతాను.”

“నాకు జ్వరం లేదు. నేను సదువుత.”

“అయితే ఎల్లుండి నుంచి పనికి రానక్కర్లేదు.”

“మీరు గట్లంటరని తెలుసు. రెండు దినాలు సోంచాయించిన. పని పోయినా మంచిదే అనుకున్నంకనే ఫాదర్‌కు సరే అన్న.”

“అంత పంతమా నీకు?”

“పంతం గాదమ్మా. నా పేరు వట్టి పిలిచి, రా సదువు అన్నరు. ఎట్ల కాదంట?”

“ఆగు. వెళ్ళకు. ఆ గుడ్డ అక్కడ పెట్టు. నువ్వు పనిచేసేది మా ఇంట్లోనేగా?”

“గీడనే. ఇంకెవరింట్ల చెయ్య.”

“మరి లోకమంతా లూర్దమ్మ నిహారిక మనిషి అనుకుంటోంది. ఆవిడకేం సంబంధం? ఎనిమిదేళ్ళు అన్నం పెట్టింది నేను. పేరు ఆవిడకెందుకు రావాలి?”

“ఆమెకు పేరు రావాలని నేను అనలే.”

“నాకు రావాలి. అది చెబుతున్నాను. నువ్వు మైకు ముందుకు వెళ్ళగానే, నేను మంజులతగారి ఇంట్లో పనిచేస్తాను అని ఒక్క మాట చెప్పు. అప్పుడు చూడాలి నిహారిక మొహం. చీపురు వద్దులే, పక్కన పడెయ్. నా నీలం పట్టుచీర ఇస్తాను, అది కట్టుకో. వంట నేనే చేసుకుంటాను.”

“మరి పనికి రావొద్దన్నరు.”

“కోపంలో అన్నాను. కావాలంటే జీతం పెంచుతాను. నా పేరు మాత్రం గుడి అంతా వినాలి.”

“అమ్మా, మీకు ఇంకోటి చెప్పాలె. పఠనం అయినంక ఫాదర్ నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నడు.”

“దేని గురించి?”

“నేను చేసే పని గురించి. ఏమన్న అన్యాయం ఉంటె ఉన్నదున్నట్టు చెప్పమన్నడు. లేఖలు సదివితె సాలదు, మన గల్లీల ఏం జరుగుతుందో అందరు ఇనాలె అన్నడు.”

“నువ్వేం చెబుతావు?”

“కాయిదం మీద రాసుకున్న.”

“ఏం రాసుకున్నావు?”

“నా గిలాస బాల్కనీల వేరేగ ఉంటదని. ఇల్లంత కడుగుత గని ఆ ఇంట్ల బాత్రూముకు పోనియ్యరని, కింద వాచ్‌మన్ రూముకాడికి ఉరుకుతనని. లిఫ్టు ఎక్కొద్దంటె బియ్యం బస్తా నెత్తిమీద వెట్టుకొని మెట్లెక్కిననని.”

“ఇంకా?”

“మా అవ్వ సచ్చిపోయిన దినం ఆ ఇంట్ల ఫాదర్లకు విందు ఉండె. వడ్డన అయినంక పో అన్నరు. నేను పోయేసరికి మట్టి వేసిన్రు. గది రాసుకున్న. నా పేరుతోని పిలవరని గూడ రాసుకున్న.”

“ఎవరి ఇల్లో చెప్పావా?”

“చెప్పలే. ఫాదర్ అడిగిండు, నిహారికమ్మ రెండుసార్లు అడిగింది. ఎనిమిదేండ్లు ఆ ఇంటి ఉప్పు తిన్న, ఆమె పేరు గుళ్ళె బజారున పడెయ్య అని చెప్పిన.”

“లూర్దమ్మా...”

“ఇప్పుడు మీరే చెప్పమంటున్నరు. మీ పేరు మొదట్ల చెప్పాల్నా అమ్మా, అంత చెప్పినంక ఆఖరుకు చెప్పాల్నా?”