ఉయ్యాల చీరకు తాళ్లు

“అవ్వా, బిడ్డకు ఉయ్యాల కడదామని ఈ పాత చీర తీసినా. కొనల్లో ఈ తాళ్లేంది?”

ఇప్పద్దు అమ్మీ. ఆ ముడ్లు మీ తాత ఏసినవి. కూర్చో ఇట్లా.

ఆ యేడు మన చెరువు నిండినాది. మన పక్క అదెంత వింతో నీకు తెలుసు కదా. రాయచెర్లు ఊరికి పోయే దావంతా నీళ్లే. మీ నాయనకు అప్పుడు ఏడో నెల... కాదు, ఎనిమిది, పండ్లు వస్తావుండె. జొరంతో ఒళ్లు కాలిపోతావుండాది. ఆసుపత్రికి పోయే పావగడ బస్సేమో చెరువుకు అవతల. మీ తాత నీళ్లలో తేలే కిత్తనార బెండ్లు కట్టి తెప్ప చేసి, మా ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు.

మధ్యకు పోయినాక తెప్ప తోసే గెడ అడుక్కు అందలేదు. గాలి వెనకనుంచే, కానీ దీపం కూడా ఆరనంత సన్నగా. గొర్రెలు కాసినోడు కదా, ఆయనకు వానొచ్చినా కంబళే, చలైనా కంబళే. గెడ నిలబెట్టి, అడ్డకర్ర కట్టి, గాలి పట్టను దానికీ కంబళే ఏసినాడు. తడిసిన తోలు మాదిరి యాలాడె. నీ బుద్ధీ గొర్రె బుద్ధేనప్పా అని ఏడ్చినా.

బిడ్డకు చుట్టిన చీర తీసిచ్చినా. ఇదే. సంతలో పన్నెండు రూపాయలు, పదునాలుగేమో, ఉతికి ఉతికి ఉల్లిపొర అయిండె. పైకొనలు కర్రకు కట్టినాడు. కింది కొనల తాళ్లు ఆయనకొకటి, నాకొకటి. నేను భయానికి తాడు బిగబట్టినా. చీర ఉలకలేదు. బిడ్డ మూలిగితే ఒళ్లోకి జరుపుకున్నా, చెయ్యి వదులైంది. అంతే, చూలాలి కడుపు మాదిరి ఉబ్బె చీర. “అట్లే ఉండనీ, లాగద్దు” అన్నాడు.

గాలితోనే పోతావుంటే మొగానికి గాలి తగల్దు అమ్మీ. చప్పుడే లేదు. మేము నిలబడినట్లు, గట్టే మా తట్టు నడిచొస్తావున్నట్లు ఉండె. చీర నీడలో మీ నాయన కండ్లు మూసి నిద్రపోయినాడు.

ఒక మాట. మీ తాతకు కూడా చెప్పలేదు. ఒళ్లో బిడ్డ కాలిపోతావున్నా, ఆ గట్టు ఇంకొంచెం సేపు రాకుంటే బాగుండు అనిపించె నాకు. ఏం తల్లినో. పావగడలో సూదేసినారు, బతికినాడు, నువ్వు పుట్టినావు. అయినా మీ నాయన తుమ్మితే ఇప్పటికీ నాకు అదే గుర్తొస్తాది.

చెరువు ఎండిపాయ. శెనక్కాయలు పండిన బుడ్డల చేన్లు సోలార్ అయిపాయ, నువ్వు ఆ ప్యానెల్లు తుడిచి తుడిచి చేతులు నొచ్చి వస్తావు. తీసుకోపో, కట్టు. నీ బిడ్డ చల్లగా ఉండాల. తాళ్లు ఉండనీ, ఊపను పనికొస్తాయి. అట్ల కాదు... రవ్వంత వదులుగా పట్టుకో.