ఫ్రీజర్ మాత్రం మాది

గ్రాంటుతో సహా వేరే సంస్థకు మారిపోతున్న డాక్టరమ్మ, తలుపు తట్టకుండానే డైరెక్టర్ గదిలోకి వచ్చింది.

"ఫ్రీజర్ ప్లగ్గు ఎవరు పీకారు సార్?"

"నేనే పీకించాను. పరిశోధన డబ్బు మీతో పంపమన్నారు, పంపాం. ఫ్రీజర్ మాత్రం మాది. స్టోర్సుకి అప్పజెప్పాలి."

"లోపల రోగుల రక్తం ఉందని తెలీదా? ఒక్క మాట చెబితే ముందే తీసుకెళ్లేదాన్ని కదా. అంతా కరిగిపోయింది. ఇక దేనికీ పనికిరాదు."

"మళ్లీ తీసుకోండమ్మా. రోగులకేం కరువా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మిగతావాళ్ల కాళ్లావేళ్లా పడి మళ్లీ తీసుకుంటాను. మీ అమ్మగారు పోయేముందు ఇచ్చిన రక్తం ఎక్కణ్ణుంచి తెమ్మంటారు సార్?"