గడి ఎందుకు చిన్నగ అచ్చింది

సామేలు సారు సంతాప సభకు అచ్చిన అందరికి దండాలు. కోరుట్ల కెల్లి బస్సు పట్టుకోని అచ్చిన పంతుళ్లకు, జగిత్యాల దవాఖానల సారు మంచం కాడ కూసున్నోళ్లకు, మరమగ్గాల సాంచలు బందు వెట్టి అచ్చిన సిరిసిల్ల కార్మికులకు, అందరికంటె ముందుగల్ల గా మూలకు కూసున్న ఐలమ్మ అక్కకు. అక్కా, సారు పెండ్లాన్ని ముందు వరుసల కూసోవెట్టాలె అని ఇక్కడ ఎవలికి యాదికి రాలే. ముంగటి కుర్సీలు పెద్దమనుషులతోని నిండినయ్. సారు ఉంటె ఏం చేస్తుండెనో నాకు తెలుసు. అందరిని లేపి, ఒక్కొక్క వరుస ఎనుకకు జరుపుతుండె.

నా పేరు బాలమణి. ఎల్లంతకుంట దిక్కు ఒక ఊరి బడిల సామేలు సారు, నేను, ఇద్దరమే పంతుళ్లం. గందుకే నన్ను మాట్లాడుమన్నరు. మాట్లాడుమన్నోళ్లే ఇంకొక మాట సుత చెప్పిండ్రు. మంచి మాటలే చెప్పు మేడం, పాతవి తవ్వకు అన్నరు. సరే. మంచి మాటలతోనే షురువు చేస్త.

మనం పాఠం ప్లాను ఎట్ల రాస్తమో మనకు తెల్వదా? పోయినేటిది ముంగట వెట్టుకోని తేదీ మార్చి రాస్తం. తనిఖీకి అచ్చినాయన సంతకం వెడ్తడు, మనం చాయ తాపిస్తం, అయిపాయె. సామేలు సారు గట్ల కాదు. రేపు చెప్పే పాఠం ఇయ్యాల పొద్దుగూకే యాళ్లకు ఐలమ్మ అక్కకు చెప్తుండె. అక్క బడి మొఖం చూసిన మనిషి కాదు. ఆమె చాట ముంగట వెట్టుకోని బీడీలు చేస్తుంటె, ఈయన పీట మీద కూసోని తీసివేతలు చెప్తుండె. అక్క యాడ “ఎందుకు?” అని అడుగుతదో, గాడ ఆగుతుండె. పిల్లలు సుత గాడనే తప్పుతరని ఆయన నమ్మకం. ఒకపారి పక్క అంకెను అప్పు అడగాలె అని చెప్తె, మరి గా అప్పు ఎన్నడిస్తవ్ అని అడిగిందట అక్క. తెల్లారి క్లాసుల అప్పు అన్న మాట లేదు. పుల్లల కట్ట తెచ్చి, పిల్లల ముంగట ఇప్పి చూపెట్టిండు. నాతోని అంటుండె: “పాఠం తయారు చేసుడంటె మనం ఏం చెప్పాలె అని కాదు మేడం. వాళ్లు యాడ ఆగుతరో చూసుకునుడు.”

ఇగ ఆయన తరగతి నడిపిన తీరు. చేతిల బెత్తం లేదు. ఎవల జాగ వాళ్లకు రాసిచ్చినట్టు ఉండే ఊర్లె, బడిల ఎవలకు జాగ లేదు. ఇయ్యాల ముంగట కూసున్నోళ్లు రేపు ఎనుక, ఎనుకటోళ్లు ముంగటికి. దళిత వాడ పిల్లల పక్కపొంటి మా పిల్లలా అని ఊర్లె పెద్దలు కొట్లాటకు అచ్చిండ్రు. సారు లేచి కుర్సీ ఏసి, మీరు సుత కూసోండ్రి, ఇయ్యాల ఎనుక వరుసల జాగ ఉన్నది అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. వాళ్లు నవ్వలే.

పొద్దుగాల ఇంట్ల నూలు కండెలు చుట్టి అచ్చిన పద్మశాలి పిల్లలు క్లాసుల తూగుతుండె. వాళ్లను లేపి నిలవెట్టలే. లెక్కలు జరంత ఆలస్యం చేసి, ముందుగల్ల అవుతల తిప్పి చెప్పే పాఠాలు వెట్టుకున్నడు. నడుసుకుంట ఎవలు నిద్రపోతరు? ఒక ఆఫీసరు అచ్చి, ఏందయ్యా గీ లొల్లి, క్లాసు సప్పుడు లేకుండ ఉండాలె అన్నడు. సారు ఏమన్నడో సిరిసిల్ల మనుషులు మీకే మంచిగ సమజైతది. “సాంచ నడుస్తుంటె సప్పుడైతది సార్. సప్పుడు ఆగిందంటె యాడనో పోగు తెగినట్టు.”

మంచి మాటలు అయిపోయినయ్. ఇగ పాతవి తవ్వుత.

కోరుట్లల మాకు ట్రైనింగ్ పెట్టిండ్రు. పుస్తకం ఒక్కటే చాలదు, ఊరినే పాఠం చెయ్యిండ్రి అని ఒక పెద్దాఫీసరు చెప్పిండు. సామేలు సారు లేచి, నాలుగో తరగతి పిల్లలతోని ఊరి పటం గీపిస్త అన్నడు. ఆ ఆఫీసరే సప్పట్లు కొట్టిండు. అందరు గిట్లనే చెయ్యాలె అన్నడు. మీలో శానామంది గా హాల్ల ఉన్నరు. సప్పట్లు మీరు సుత కొట్టిండ్రు.

సారు పిల్లలను తీస్కోని తొవ్వలన్ని తిరిగిండు. పిల్లలు అడుగులు లెక్క వెట్టుకుంట నడిచిండ్రు. అచ్చిన అడుగులను బట్టి బడి గోడ మీద రంగు సుద్దలతోని గీసిండ్రు. చెరువు కట్ట, మోటరు బాయి, బస్సు ఆగే జాగ, గుట్ట మీదికి పొయ్యే బాట. సర్కారు పటంల ఎన్నడు లేని వాడ సుత, ఇంటికొక డబ్బ, డబ్బల పిల్ల పేరు. మస్తు మంచిగ అచ్చింది. ఒక్కటే తప్పు. ఊర్లె అన్నిటికంటె పెద్దదైన దొర గడి, గోడ మీద కోళ్ల గూడంత అచ్చింది.

ఎందుకు? నేను సుత అడిగిన. సారు నవ్విండు. పిల్లలు గడి ముంగట నడవరు మేడం, ఉరుకుతరు అన్నడు. ఉరికితె అంగలు పెద్దగ పడ్తయ్, అడుగులు తక్కువైతయ్, గడి చిన్నగైతది. గడిల ఎవలున్నరు? ఎవలు లేరు. దొర పట్నం పోయి ఎన్నో ఏండ్లాయె. గేటుకు తుప్పు పట్టిన తాళం. అయినా ఉరుకుతరు. ఎందుకంటె వాళ్ల అవ్వలు ఉరికిండ్రు, అవ్వల అవ్వలు ఉరికిండ్రు.

ఇంకో పంతులైతె తప్పు తుడిచి, స్కేలు వెట్టి తనే దిద్దుతుండె. ఈయన దిద్దలే. ఉండనియ్యి, సోమవారం పాఠం గిదే అన్నడు. పిల్లలను మళ్ల గా తొవ్వల తీస్కపోవుడు. గడి ముంగట నిలవెట్టుడు. తాళం చేతితోని ముట్టిపిచ్చుడు. ఎందుకు చిన్నగ అచ్చిందో వాళ్లనే చెప్పుమనుడు. ఉరుకకుండ నడిపిచ్చి, అడుగులు మళ్ల లెక్క వెట్టిపిచ్చుడు. గంతే ప్లాను. గీ ప్లానుల బాంబు ఉన్నదా? బందూకు ఉన్నదా?

సోమవారం బడికి సారు రాలే. ఆదివారం పొద్దుగాల చర్చి కాడికెల్లి పోలీసోళ్లు జీపుల ఎక్కిచ్చుకపోయిండ్రు. దొర జీతగాడు పటం చూసి ఎవలికో చెప్పిండు, వాళ్లు ఇంకెవలికో చెప్పిండ్రు. గుట్ట బాట ఎవల కోసం గీసినవ్? గడి ఒక్కటే వేరే తీరుగ ఎందుకున్నది, అన్నలు గురి వెట్టిండ్రా? గివి అడిగిండ్రు. పిల్లలు ఉరికిండ్రు సార్ అని చెప్పిండట. నమ్మలే. అరికాళ్ల మీద కొట్టిండ్రు.

ఆ స్టేషను పేరు నేను చెప్ప, మీకు తెలుసు. గాడికి ఐలమ్మ అక్క, నేను పోయినం. మండలంల ఉన్న పంతుళ్లందరికి గా రోజు ఒక్కపారే జరమచ్చింది. కోరుట్లల సప్పట్లు కొట్టిన ఆఫీసరు, పటం సంగతి నాకు తెల్వదు అన్నడు. గాయన ఇయ్యాల ఇక్కడికి రాలే. దండ పంపిండు. గా పెద్ద దండ గాయనదే.

స్టేషన్ల అక్క కాళ్లు మొక్కలే, ఏడ్వలే. ఒక్కటే మాట అడిగింది. పీట ముంగట రోజు అడిగే మాటనే. “ఎందుకు?” జవాబు ఎవలు చెప్పలే. గా ఇంట్ల సారు చెప్పకుండ ఇడిశిన “ఎందుకు” ఒక్కటి లేదు.

సారు బయటికచ్చిండు. అచ్చిన వారానికే అడవిల ఉన్న అన్నల కాడికెల్లి కబురు. అందర్ని చంపేటోళ్లు నిన్నెట్ల ఇడిశిపెట్టిండ్రు, ఏం చెప్పి అచ్చినవ్, పటం ఎవలికిచ్చినవ్ అని. ప్రజల కోసమే పుట్టినం అనేటోళ్లు అడిగిన మాట ఇది. ఒకలు ఎవలి కోసం గీసినవ్ అంటరు, ఒకలు ఎవలికిచ్చినవ్ అంటరు. పిల్లలేం నేర్చుకున్నరు అని అడిగినోడు ఇరుదిక్కుల ఒక్కడు లేడు.

బడి గోడకు సున్నం ఏసిండ్రు. సారును బదిలీ చేసిండ్రు. నడిచి పాఠం చెప్పే మనిషి కుర్సీల కూసోని చెప్పిండు. కాళ్లు మళ్ల రాలే, గా నొప్పులకు మింగిన గోలీలతోని తర్వాత కిడ్నీలు పోయినయ్. మొన్న జగిత్యాల దవాఖానల పాణం పోయింది. బిమారితోని పోయిండని కాయితంల రాసిండ్రు. రాయనియ్యి.

నాకు కడుపు మండేది చావు ఒక్కదానికే కాదు. గా సోమవారం పాఠం అయిపోలే. నేను చెప్త అంటె, గా తొవ్వకు పిల్లలను పంపం అన్నరు తల్లిదండ్రులు. గా పిల్లలు ఇప్పుడు పెద్దగైండ్రు. మొన్న ఊరికి తెచ్చిన సారు శవం గడి ముంగటికెల్లి పోతుంటె చూసిన. మోసేటోళ్లు గా పిల్లలే. గడి కాడికి రాంగనే అంగలు పెద్దగైనయ్. పాడె ఊగింది. ఐలమ్మ అక్క ఎనుకవడ్డది.

ఇగ మౌనం పాటిద్దాం అని నన్ను చెప్పుమన్నరు. మౌనం మనకు ఒకలు నేర్పాల్నా? జీపు అచ్చిన నాటి కెల్లి గదే పాటిస్తున్నం. గందుకే ముందుగల్ల ఒక పని. ముంగటి వరుసోళ్లు లేచి ఎనుకకు రాండ్రి. అక్కా, నువ్వు ముంగటికి రా.

ఇప్పుడు అందరు లేవుండ్రి. ఈ సభ గేటు అవుతల పోలీసు జీపు ఆగి ఉన్నది, నేను సుత చూసిన. ఉండనియ్యిండ్రి. ఒక్క నిమిషం సారు కోసం సప్పుడు చెయ్యకుండ నిలవడుదాం. నిమిషం అయినంక గా జీపు ముంగటికెల్లే పోవాలె అందరం. మెల్లగ నడుసుకుంట పోదాం. ఎవలు ఉరుకద్దు.