బతికున్నదాన్ని మళ్లీ అడుగు

1984 సెప్టెంబర్ మూడో తేదీ, సోమవారం ఉదయం, మన గిబారా ఊరి సముద్రం ఇంకా పాలరంగులో ఉన్న వేళ, శ్రీమతి ఒనేలియా బాత్రెల్ గారు మన విద్యుత్ మరమ్మతుల వర్క్‌షాపులో సహాయ సాంకేతికురాలిగా చేరారు. అప్పటికి వారికి ఇరవై ఒక్కేళ్లు. వారి పదవీ విరమణ సభ కోసం ఈ వ్యాసం రాస్తున్న నేను పుట్టడానికి ఇంకా పదిహేనేళ్లుంది. అయినా ఆ ఉదయం నా కళ్లముందే జరిగినట్టుంటుంది. వారు కూర్చున్న కిటికీ పక్క బల్ల అదే, మీటర్ల అద్దాల మీద సన్నటి పొరలా వాలే ఉప్పుగాలి అదే, ఆ పొరను కొంగు లాంటి మెడరుమాలుతో తుడిచే చెయ్యి కూడా అదే కనుక.

మొదటి ఏడేళ్లు, కరెంటు ఉందో లేదో చూసే మీటర్లతో పాటు వాటిని లైనుకు తగిలించే తీగలూ పెట్టెల్లో వచ్చేవట. 1991 నాటికి పెట్టెలు రావడం మానేశాయి. ఉన్న తీగలనే అతికించి, చుట్టి, బతిమాలి వాడుతున్న ఆ రోజుల్లో, వారితో పనిచేసే నెమేసియో గారు ఒక లైను మీద మీటరు పెట్టి సున్నా చూశారు. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టారు. కరెంటు ఉంది. లేనిది మీటరు తీగలో రాగి. రబ్బరు లోపల ఎక్కడో తెగిపోయి, పైకి మాత్రం నిండుగా కనిపించింది. నెమేసియో గారి కుడిచేతి రెండు వేళ్లు ఆ రోజు పోయాయి. ఆయన పక్కనే నిలబడి ఉన్నది ఒనేలియా గారు.

ఆ మర్నాటి నుంచే వారు తీగలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. సైకిల్ పుల్లను అరగదీసి మొన చేసేవారు, అయిపోయిన పెన్ను గొట్టాన్ని పిడిగా తొడిగేవారు, సెలైన్ గొట్టాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి వేలు తగిలేచోట తొడుగు వేసేవారు. చెక్క బట్టల క్లిప్పు నోట్లో రాగిరేకు అమర్చితే అది తీగను కరిచి పట్టుకునేది. పాత స్పీకరులోని అయస్కాంతం బోల్టు తలకు అతుక్కుని, మనిషి రెండో చేతిని జేబులో పెట్టుకోనిచ్చేది. ఎక్కువ కరెంటు ఉండే చోటికి వెళ్లే ప్రతి తీగలోనూ పిడి లోపల ఒక ఫ్యూజు దాగి ఉండేది. అది లేని తీగ వారి బల్ల దాటలేదు. ఇప్పటికీ మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి పడితే ఆ తీగల నీడలు గోడ మీద నీటి అడుగున నాచులా ఊగుతాయి. నేను చేరిన కొత్తలో వాటిని చూస్తూ పని మర్చిపోయేదాన్ని.

తాడుకు వరసగా వేలాడే ఆ క్లిప్పులను చూసి మా అధికారి అర్కాడియో గారు ఊరుకునేవారు కాదు.

"పిన్నీ, ఇది టెస్టింగ్ బల్లా, చాకిరేవా?"

"చాకిరేవే నాయనా. అబద్ధాలు ఉతికి ఆరేస్తున్నా. నీవి కూడా ఏమన్నా ఉంటే పడెయ్."

2003లో వారు పరీక్షా విభాగానికి ప్రధాన సాంకేతికురాలయ్యారు. ఒక్క నియమం పెట్టారు: ముందు బతికున్నదాన్ని అడుగు, తర్వాత అనుమానమున్నదాన్ని అడుగు, మళ్లీ బతికున్నదాన్ని అడుగు. అంటే కరెంటు తప్పకుండా ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి తీగ నిజం చెబుతోందో లేదో చూడాలి. అప్పుడు పనిచెయ్యాల్సిన లైను చూడాలి. ఆ తర్వాత మళ్లీ మొదటి చోటికే రావాలి. మూడు ప్రశ్నలు పూర్తయ్యేదాకా ఎవరి చెయ్యీ ముందుకు వెళ్లకూడదు.

మూడోది ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పోయిన ఏడాది తుఫాను తర్వాత అర్థమైంది. ఊరి పంపుహౌసు మునిగి, రెండు రోజులుగా ఎవరింట్లోనూ చుక్క నీరు లేదు. కొత్తగా వచ్చిన ఎర్రటి ఫ్యాక్టరీ తీగలు తీసుకుని నేను ముందే పరిగెత్తాను. కాపలా గదిలో బల్బు వెలుగుతోంది. అక్కడి ప్లగ్గులో మీటరు పెడితే 220 చూపించింది. స్విచ్ దించి పంపు లైను చూశాను, సున్నా. స్పానర్ తీశాను. అప్పుడే ఒనేలియా గారు వెనక నుంచి అందుకున్నారు.

"అమ్మాయ్! బతికున్నదాన్ని అడిగావా?"

"అడిగాను పిన్నీ, ఇందాకే!"

"మళ్లీ?"

"ఊరంతా బిందెలు పట్టుకు నిలబడింది పిన్నీ! తీగలు కొత్తవి, పెట్టె కూడా నేనే విప్పాను!"

"పెళ్లికొడుకూ కొత్తవాడే, నిజం చెబుతాడా? ఆ స్పానర్ కింద పెట్టు. వెళ్లి అడిగి రా."

గొణుక్కుంటూ వెళ్లాను. నెత్తిమీద బల్బు వెలుగుతూనే ఉంది. దాని కిందే మీటరు సున్నా చూపిస్తోంది. రెండు నిమిషాల మధ్యలో కొత్త తీగ పిడి దగ్గర తెగిపోయింది. ఒనేలియా గారు తమ పెన్ను గొట్టం తీగలు నా చేతిలో పెట్టారు. ఈసారి పంపు లైను 220 చూపించింది. స్విచ్ పిడి దిగిందే గానీ లోపల పలక అతుక్కునే ఉంది.

వీధి చివర పెద్ద స్విచ్ ఆపించి, మూడు ప్రశ్నలూ అడిగి, సాయంత్రానికి నీళ్లు వదిలాం. ఇంటికి నడుస్తుంటే గిబారా అంతా కుళాయిల చప్పుడే. కలలో నడిచినట్టు నడిచాను, పది వేళ్లూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటూ.

పోయిన వారం అడిగాను, వెళ్లిపోతుంటే బెంగగా లేదా పిన్నీ అని. "బల్ల గురించి కాదే పిల్లా. మంచి తీగలొస్తే మీరు అడగడం మానేస్తారేమోనని," అన్నారు. వారి నోట భయం లాంటి మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

అందుకే ఒనేలియా గారూ, ఈ సభలో, ముందు వరుసలో కూర్చుని మూడు వేళ్ల చేత్తో అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్న నెమేసియో గారి సాక్షిగా మాటిస్తున్నాం. మేం మానం. పొద్దున పనికి వెళ్తూ మీ తలుపు తడతాం, సాయంత్రం తిరిగొస్తూ మళ్లీ తడతాం. చిన్న కప్పులో చేదు కాఫీ సిద్ధంగా ఉంచండి. ఆయురారోగ్యాలతో, చెదరని చూపుతో, వణకని చేతులతో, "ఏమే, మళ్లీ వచ్చావా?" అని విసుక్కుంటూ, ఏళ్లకేళ్లు మాకు జవాబు చెబుతూ ఉండండి. బతికున్నదాన్ని మళ్లీ మళ్లీ అడగమన్నది మీరే కదా.

— యానిస్లే రోచే, పరీక్షా విభాగం, 2023