వెలుతురుకి అడ్డం

చిత్రకారుడి గది. గుమ్మంలో అతని అక్క.

“నేననట్లేదురా, పక్కింటి టైలరమ్మ అంది. పొద్దస్తమానం అద్దం ముందు నిలబడి నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావట. పిచ్చి పట్టిందేమోనని వాళ్ళాయనతో అంటే, ఆయన వీధంతా మోశాడు.”

“బొమ్మ వేసుకుంటున్నానక్కా. నా బొమ్మే. సాయంత్రం ప్రదర్శనకి తీసుకెళ్తారు.”

“తిన్నావా?”

“తింటాలే.”

“ఎప్పుడు తిన్నావురా?”

“తింటాలే అన్నాగా!”

“ఈ అద్దం మరదలి బీరువాదేగా?”

“రెండ్రోజులకని పీకాను.”

“రెండ్రోజులా! పోయినేడు నేనొచ్చినప్పుడే కిటికీ అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటోందా పిల్ల. పాపిడి వంకరొచ్చిందే అంటే, ‘మీ తమ్ముడు బొమ్మలో సరిచేస్తాడులే వదినా’ అని నవ్వింది.”

“అక్కా, తన సంగతి ఎత్తకు.”

“ఎత్తకపోతే మరి ఈ బొమ్మెవరి కోసంరా?”

“తన కోసమే! వాళ్ళ ఆఫీసు ఎదురుగానే ఆ ప్రదర్శన హాలు. రేపు వస్తుంది. చూడు, ఈ కళ్ళ కింద నలుపు చూడు. ఈ పెదవి... ఎన్నిసార్లు గీకేసి మళ్ళీ వేశానో. నోటితో చెప్పలేనిదంతా ఇందులో పెట్టానక్కా. ఇది చూసి కూడా రాకపోతే నేనిక... నేనెవణ్ణో నాకే తెలీదిక.”

“ఊరుకో. ఊరుకోరా నాయనా.”

“ఏడవట్లేదు. ఎలా ఉందో చెప్పు.”

“అచ్చం నువ్వే. కానీ చూపు అలా పక్కకి పోయిందేంరా? ఎదుటి మనిషి వంక చూడదే?”

“అద్దం పక్కన పెట్టుకుని వేశాగా. చూపు దానివైపే ఉంటుంది. అబ్బా, కాస్త పక్కకి జరగక్కా. వెలుతురుకి అడ్డొస్తున్నావు.”

“ఏమన్నావు?”

“వెలుతురు! చెవి కింద నీడ మిగిలిపోయింది.”

“ఆ రోజు మరదలు సంచీ పట్టుకుని ఇదే గుమ్మంలో నిలబడి, వెళ్తున్నానని చెప్పిందట. నువ్వు వెనక్కి తిరగకుండా ఇదే మాట అన్నావట.”

“నాకు... వినపడలేదు. అద్దంలో ఏదో నీడ కదిలిందనుకున్నా. ఒట్టక్కా, వినపడలేదు.”

“సంచీ కనపడలేదూ?”

“రేపు చూస్తుందిగా. చూస్తే తెలుస్తుంది. ఇందులో ఉన్నది నేనేనని గుర్తుపడుతుంది కదా? చెప్పక్కా, గుర్తుపడుతుంది కదా?”

“గుర్తుపడుతుందిరా. అందుకే రాదు.”